మిద్దె మీద గ్రీన్‌హౌస్: పైన ఏం కప్పాలి, దాన్ని దేనితో నిలబెట్టాలి

అనంతపురంలో గ్రీన్‌హౌస్ కడతానంటే మా మామ పడీపడీ నవ్వాడు. "ఊరే పొయ్యి మీద ఉంది, దానికి నువ్వు మూత కూడా పెడతావా" అన్నాడు. ఆయన మాటలో ముప్పాతిక నిజం ఉంది. ఆ ముప్పాతిక అర్థం కాకుండా వీడియోలు చూసి సామాను కొన్నందుకే నాకు మొదటి ఏడాది డబ్బులు పోయాయి.

గ్రీన్‌హౌస్ పుట్టింది చలి దేశాల్లో. గాజైనా ప్లాస్టిక్ అయినా చేసే పని ఒకటే, వెలుతురును లోపలికి రానిచ్చి వేడెక్కిన గాలిని బయటికి పోనివ్వదు. మంచు కురిసే ఊళ్లో అది వరం. మనకు జనవరి రాత్రుల్లో కూడా మహా అయితే స్వెటర్ వేసుకునేంత చలి, మొక్క గడ్డకట్టేంత కాదు. ఏప్రిల్, మే వస్తే కర్నూలులో 43, 44 డిగ్రీలు మామూలు. కాబట్టి మనకు కావలసింది వేడిని పట్టి ఉంచే డబ్బా కాదు, సెగను ఆపి గాలిని పోనిచ్చే చప్పరం. కడప దగ్గర చెన్నూరు ఆకుతోటలు చూసినవాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు, అవిసె చెట్ల నీడన తమలపాకు తీగ పెంచడం అంటే అదీ ఒక గ్రీన్‌హౌసే, కాకపోతే ప్రాణమున్న గ్రీన్‌హౌస్.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. పైన కప్పేది మామూలుగా మూడేళ్లకో ఐదేళ్లకో మార్చేది, కింద నిలబెట్టేది పదేళ్లు పదిహేనేళ్లు ఉండేది. చాలామంది తలకిందులు చేస్తారు, ఖరీదైన షీటు కొని దాన్ని నాసిరకం పైపుల మీద వేస్తారు. డబ్బు తక్కువగా ఉంటే కప్పులో తగ్గించండి, ఫ్రేములో మాత్రం తగ్గించవద్దు.

## కొనే ముందు తేల్చుకోవాల్సినవి

ఎండ ఎటు నుంచి. అనంతపురంలో ఏప్రిల్ చివర్లో ఒకసారి, ఆగస్టు నడుమ ఒకసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. కడపలో అంతే, కర్నూలులో కొద్ది రోజులు అటూ ఇటూ. అందుకే మనకు పక్కగోడల కన్నా పైకప్పు ముఖ్యం. గోడల్లో పట్టించుకోవాల్సింది పడమటి గోడ ఒక్కటే, మధ్యాహ్నం మూడింటికి ఏటవాలుగా వచ్చే ఎండ మొక్కల్ని ఉడికించేది అటు నుంచే.

గాలి. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా. జూన్ నుంచి ఆగస్టు దాకా రోజంతా ఈడ్చి కొట్టే గాలి ఒకటి, మే నెల సాయంత్రాల్లో ఉన్నట్టుండి లేచే ఈదురుగాలి ఇంకొకటి. లెక్క చూడండి: గంటకు 72 కిలోమీటర్ల గాలి అడ్డంగా ఉన్న గోడను చదరపు మీటరుకు దాదాపు 24 కిలోల బరువుతో తోస్తుంది. 12 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు ఉన్న ప్లాస్టిక్ గోడ అంటే సుమారు 9 చదరపు మీటర్లు, అంటే నాలుగు సిమెంటు బస్తాల కన్నా ఎక్కువ బరువు ఒక్కసారిగా వచ్చి మీద పడినట్టు. అదీ మిద్దె మీద, చుట్టూ ఏ చెట్టూ అడ్డం లేని చోట.

వాన. అనంతపురానికి ఏడాదంతా కలిపితే దాదాపు 550 మిల్లీమీటర్లు. వాన ఆపడానికే షీటు కావాలనుకునేవాళ్లు ఈ అంకె చూసి మరోసారి ఆలోచించండి. నారు పోసుకునేవాళ్లకు, సెప్టెంబరు, అక్టోబరు జడివానల్లో కొత్తిమీర కుళ్లకూడదు అనుకునేవాళ్లకు మాత్రం అవసరమే.

పురుగులు, కోతులు. తెల్లదోమ వేరే సమస్య, కోతి వేరే సమస్య. నల్లమల అంచు ఊళ్లలో, మహానంది, అహోబిలం వైపు ఉన్నవాళ్లకు ఏ నెట్టూ ఆగదు. లోపలి వైపు వెల్డ్‌మెష్ (ఇనుప తీగల జాలీ) వేసి దాని మీద నెట్ వేసుకోవాల్సిందే.

మిద్దె మీదా, నేల మీదా. నేలలో గుంత తవ్వి రెండడుగులు దించవచ్చు. మిద్దెకు బోల్టు కొట్టడానికి డ్రిల్లు పెట్టారంటే మాత్రం వానాకాలం కింద గదిలో బకెట్ పెట్టుకోవడానికి సిద్ధపడండి.

## పైన కప్పేవి

### షేడ్ నెట్

అనంతపురం, కడప, కర్నూలు, మన ఈ మూడు ఊళ్లలో నూటికి ఎనభై మందికి ఇదే చాలని నా అభిప్రాయం. గాలి ఆడుతుంది, సెగ తగ్గుతుంది, చినిగితే సూదీ దారంతో కుట్టుకోవచ్చు. ఇక ఎంత శాతం, ఏ రంగు అన్నవి మిగిలాయి.

శాతం అంటే ఎంత ఎండను ఆపుతుందో ఆ లెక్క. కూరగాయలకు, ఆకుకూరలకు 50 శాతం. మనీ ప్లాంట్లు, ఫెర్న్‌లు, ఆర్కిడ్‌లు పెంచేవాళ్లకు 75. అంగట్లో మాత్రం "ఎండ జాస్తి సార్, 90 వేసుకోండి" అంటారు. వేసుకుంటే చల్లగానే ఉంటుంది, టమాట మొక్క మాత్రం ఆ చీకట్లో వెలుతురు కోసం పాకుతూ సన్నగా తీగలా సాగిపోతుంది, పూత ఉండదు. 90 శాతం కారుకు వేసుకోండి.

రంగు విషయానికొస్తే అందరూ ఆకుపచ్చ కొంటారు, కంటికి బాగుంటుందని. ఆకులు ఎక్కువగా వాడుకునేది ఎరుపు, నీలం కాంతి. ఆకుపచ్చ నెట్ లోపలికి పోనిచ్చే దాంట్లో మొక్కకు తక్కువ అక్కర ఉన్న ఆకుపచ్చ వాటా పెరుగుతుంది. పెద్ద నష్టమేం కాదు, మొక్కలు బతుకుతాయి. అదే ధరకు తెల్లది దొరికితే తెల్లదే మేలు, వెలుతురును చెదరగొట్టి కింది ఆకుల దాకా పంపుతుంది. నల్లది అన్ని రంగుల్నీ సమానంగా తగ్గిస్తుంది కానీ తానే కాలిపోతుంది, తలకు మరీ దగ్గరగా కట్టకుండా ఎత్తులో కడితే ఇబ్బంది లేదు. అల్యూమినియం పూత ఉన్న వెండి రంగు నెట్ సెగను వెనక్కి కొడుతుంది, అన్నిటికన్నా బాగా పనిచేసేది అదే, ఖరీదూ అన్నిటికన్నా అదే ఎక్కువ.

అల్లిక కూడా చూడండి. గుండ్రటి దారంతో అల్లింది గట్టిది, గాలిని సులువుగా వదులుతుంది. చదును పట్టీతో అల్లింది చౌక, గాలికి తెరచాపలా ఉబ్బుతుంది.

### పాలీ షీటు

పొలాల్లో పాలీహౌస్‌లకు కప్పే ప్లాస్టిక్ షీటు ఇదే. యూవీ రక్షణ (ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పాడవకుండా కలిపే మందు) ఉన్న, 200 మైక్రాన్ల మందం షీటు అడగాలి, కొందరు 800 గేజ్ అంటారు, రెండూ ఒకటే. నేను మొదట కొన్నది అది కాదని నాకు ఏడు నెలలకు తెలిసింది. అంగడి ఆయన "యూవీదే" అన్నాడు, నేను సరే అన్నాను, బిల్లులో ఏమీ రాయించుకోలేదు. దీపావళికి వేసిన షీటు ఎండాకాలం అయ్యేసరికి అప్పడంలా విరిగి పొరలుగా రాలింది. మిద్దె అంతా ఆ తునకలే, ఊడ్చి ఊడ్చి మా ఇంట్లోవాళ్లకు విసుగొచ్చింది. బిల్లు మీద మైక్రాన్లు, యూవీ అని రాయించుకోండి, రాయను అంటే ఇంకో అంగడికి పోండి.

సరైన షీటు వేసినా మనకు అది ఒంటరిగా పనికిరాదు. నాలుగు వైపులా మూసేస్తే ఎండాకాలం లోపలి వేడి బయటికన్నా పది డిగ్రీలు సులువుగా దాటుతుంది. టమాట పగటి వేడి 35 దాటితేనే పిందె పట్టడం మానేస్తుంది, ఇక లోపల 50 ఉంటే ఏం పండుతుంది. షీటు వేయాలనుకుంటే పైకప్పుకు మాత్రమే వేసి పక్కలకు ఇన్సెక్ట్ నెట్ కట్టండి, ఫిబ్రవరి రాగానే షీటుకు అడుగు, అడుగున్నర పైన షేడ్ నెట్ పరచండి. నెట్ షీటు లోపల కడితే లాభం సగం పోతుంది, ఎందుకంటే వేడి అప్పటికే లోపలికి వచ్చేసి ఉంటుంది.

ఇంకో రెండు సంగతులు. గంధకం మందులు చల్లితే షీటులోని యూవీ రక్షణ దెబ్బతింటుంది. ఇనుప పైపు ఎండకు కాలి, తగిలిన చోట షీటు ముందుగా చీలుతుంది, అందుకే పైపు పైభాగానికి తెల్ల పెయింటు పూయండి.

### పాలీకార్బొనేట్

చూడ్డానికి అందం ఇదే, ఇంటికి వచ్చినవాళ్లు ఫోటోలు దిగుతారు. మధ్యలో ఖాళీ గదులున్న 6 మిల్లీమీటర్ల గట్టి ప్లాస్టిక్ షీటు చదరపు మీటరుకు కిలోన్నర కూడా తూగదు, రాయి పడినా పగలదు, ఎనిమిది పదేళ్లు ఉంటుంది. అయితే ఇది కూడా మూతే, పాలీ షీటు గురించి చెప్పిన సెగ గోల అంతా దీనికీ వర్తిస్తుంది. పైకప్పులో తెరిచే కిటికీ లేకుండా ఎవరైనా కట్టిస్తామంటే ఒప్పుకోకండి.

బిగించడంలో రెండు తప్పులు ప్రతిచోటా కనిపిస్తాయి. ఒకటి, యూవీ పూత ఒక వైపే ఉంటుంది, ఆ వైపు ఆకాశానికి ఉండాలి. తిరగేసి బిగిస్తే రెండేళ్లలో పసుపెక్కుతుంది, దానికి గ్యారంటీ కూడా ఎవరూ ఇవ్వరు. రెండు, ఈ షీటు ఎండకు సాగుతుంది, రెండు మీటర్ల ముక్క 40 డిగ్రీల తేడాకు అర సెంటీమీటరు పెరుగుతుంది. స్క్రూ ఎంత లావో రంధ్రం అంతే పెడితే షీటు ఉబ్బుతుంది, స్క్రూ దగ్గర చీలుతుంది. రంధ్రం పెద్దదిగా పెట్టి రబ్బరు వాషరు వేయించండి.

తాడిపత్రి, బేతంచెర్ల వైపు బండల పాలిషింగ్ దుమ్ము, ఎర్రగుంట్ల వైపు సిమెంటు దుమ్ము ఉన్నచోట షీటు మీద నెలకే పొర కడుతుంది. బోరు నీళ్లతో కడిగితే ఎండాక తెల్లటి ఉప్పు చారలు. పొడిగుడ్డతో రుద్దితే గీతలు. వాన నీళ్లు పట్టి ఉంచుకున్నవాళ్లే దీని జోలికి పోవాలి.

### గాజు

త్వరగా ముగిస్తాను. 4 మిల్లీమీటర్ల గాజు చదరపు మీటరుకు 10 కిలోలు. వడగండ్లు, కోతులు, పక్కింటి పిల్లల క్రికెట్. వద్దు.

### ఇన్సెక్ట్ నెట్

ఇది నీడ కోసం కాదు. తెల్లదోమకు 40 మెష్ (అంగుళానికి 40 కన్నులు) చాలు, తామర పురుగుకు ఇంకా సన్నది కావాలి. కానీ కన్ను సన్నబడే కొద్దీ గాలి ఆడటం తగ్గుతుంది. మిర్చి, టమాట పెంచేవాళ్లు పక్కగోడలకు వేసుకోండి, ఆకుకూరలకే అయితే అక్కర్లేదు.

| కప్పు | మే నెల సెగకు | గాలికి | వానకు | మన ఎండలో ఆయుష్షు |
|---|---|---|---|---|
| షేడ్ నెట్ 50% | బాగా ఆగుతుంది | కొంత వదులుతుంది | ఆపదు | 3–5 ఏళ్లు |
| పాలీ షీటు 200 మైక్రాన్లు | ఒంటరిగా అయితే ప్రమాదం | మొత్తం పట్టుకుంటుంది | ఆపుతుంది | సుమారు 3 ఏళ్లు |
| పాలీకార్బొనేట్ 6 మి.మీ. | కిటికీలు, పైన నెట్ ఉంటేనే | ఫ్రేము గట్టిగా ఉంటే సరే | ఆపుతుంది | 8–10 ఏళ్లు |
| గాజు | పనికిరాదు | బరువే సమస్య | ఆపుతుంది | పగిలేదాకా |

## నిలబెట్టేవి

పీవీసీ పైపులు. వీడియోల్లో అరగంటలో కట్టేస్తారు. నేనూ కట్టాను. ఎండకు మెత్తబడి నడుం వంగాయి, మూడో వారం మే నెల గాలికి మొత్తం లేచి పక్కింటి నీళ్ల ట్యాంకు మీద కూర్చుంది, వాళ్లకు కాఫీ ఇచ్చి దించుకొచ్చాను. పైగా పీవీసీ తగిలిన చోట పాలీ షీటు తొందరగా పాడవుతుంది. మోకాలెత్తు మడి మీద విల్లులా వంచి నెట్ కప్పుకోవడానికి మాత్రం భేషైనది.

వెదురు, సరుగుడు కట్టెలు. చౌక, చేతిపని, చూడ్డానికి ముచ్చట. నేలలో పాతిన మొదలు చెదలు తింటాయి, వెదురు లోపల పుచ్చు పడుతుంది, రెండు మూడేళ్లకు మించి నమ్మలేం. పాతే భాగానికి తారు పూస్తే ఇంకో ఏడాది. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు, ముందు ఒక ఏడాది చేసి చూద్దాం అనుకునేవాళ్లకు నేను చెప్పేది ఇదే. నచ్చకపోతే పొయ్యిలోకైనా పనికొస్తుంది.

రాతి కూసాలు. వేరే జిల్లాల వాళ్లు దీన్ని జాబితాలో రాయరు, మనం రాయకపోతే తప్పు. ద్రాక్ష పందిళ్లకు నిలబెట్టే కూసాలు మన దగ్గర సులువుగా దొరుకుతాయి. తుప్పు లేదు, చెదలు లేవు, పెయింటు లేదు. రెండడుగులు పాతి, పైన జీఐ తీగ (జింకు పూత ఉన్న ఇనుప తీగ) లాగి, నెట్ పరిస్తే మీ మనవళ్లు కూడా వాడుకుంటారు. ఇంటి వెనక ఖాళీ స్థలం ఉన్నవాళ్లు వేరే దాని గురించి ఆలోచించకండి. మిద్దె మీదికి మాత్రం పనికిరావు, ఎందుకో చెప్పక్కర్లేదు. తీగ మీద పాలీ షీటు కూడా నిలవదు, ఇది నెట్‌కే.

ఇనుప చదరపు పైపు. వీధి చివర వెల్డింగ్ షాపు ఆయన రెండు రోజుల్లో కట్టిస్తాడు, అదే దీని బలం. రెడ్ ఆక్సైడ్ కొట్టి పైన పెయింటు వేయించాలి, రెండు మూడేళ్లకోసారి మళ్లీ వేయాలి. తుప్పు లోపలి నుంచి మొదలవుతుంది, అక్కడికి బ్రష్ పోదు కదా, అందుకే పైపు చివర్లన్నీ మూతలు వెల్డ్ చేయించండి. కోస్తా వాళ్లకైతే వద్దనేవాణ్ణి. మన పొడి గాలికి పెయింటు అశ్రద్ధ చేయకపోతే బాగానే నిలుస్తుంది.

జీఐ పైపు. జింకు పూత ఉన్న ఇనుము. నేను చివరికి దీని దగ్గరే ఆగాను. ఐఎస్ఐ పైపుల మీద రంగు పట్టీ ఉంటుంది, పసుపు అయితే పల్చటి రకం, నీలం మధ్య రకం, ఎరుపు మందం. మిద్దె మీద నిలువు పైపులకు నీలం, అడ్డాలకు పసుపు సరిపోతాయి. వెల్డ్ చేస్తే ఆ చోట జింకు కాలిపోయి తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది. అందుకని క్లాంపులు, బోల్టులతో బిగించుకోండి, లేదంటే వెల్డ్ చేసిన చోటల్లా జింక్ పెయింటు పూయించండి. బోల్టులతో బిగిస్తే ఇంకో లాభం ఉంది, ఇల్లు మారితే విప్పి తీసుకుపోవచ్చు.

అల్యూమినియం. తుప్పు ఉండదు, తేలిక. కానీ ఒకే కొలత ముక్క తీసుకుంటే ఇనుము కన్నా మూడు రెట్లు ఎక్కువ వంగుతుంది. కిటికీలకు వాడే పల్చటి సెక్షన్లతో ఎవరైనా కట్టిస్తామంటే రామగిరి గాలి గుర్తు చేసుకోండి. పాలీకార్బొనేట్ వేసే గట్టి బడ్జెట్ ఉన్నవాళ్లకు, అదీ మందం సెక్షన్ అయితేనే.

## మీరు ఎవరు?

అద్దె ఇల్లు, పది కుండీలు, కొత్తిమీర, చుక్కకూర: వెదురు, 50 శాతం నెట్. అంతకు మించి రూపాయి పెట్టకండి.

సొంత మిద్దె, కూరగాయలు సీరియస్‌గా పెంచుతారు: జీఐ పైపు, పైన 50 శాతం తెల్ల నెట్, పక్కలకు 40 మెష్, పడమటి వైపు రెండో పొరగా ఇంకో షేడ్ నెట్, దాన్ని కర్టెన్‌లా చలికాలం ఎత్తేసుకునేలా కట్టండి.

నారు పెంచి నలుగురికీ అమ్మాలనుకునేవాళ్లకు మాత్రం పైన పాలీ షీటు నిజంగా అవసరం, వాన చినుకు పడితే మొలక పోతుంది కాబట్టి. వీళ్లు జీఐ తప్ప వేరేది చూడకూడదు, షీటును ప్రొఫైల్ పట్టీలో (పైపుకు బిగించే గాడి పట్టీ) జిగ్‌జాగ్ స్ప్రింగ్‌తో (ఆ గాడిలోకి నొక్కే వంకర తీగ) బిగించాలి, మేకులు కొడితే మొదటి గాలికే అక్కడ చీలుతుంది. మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి గోనెపట్టాలు తడిపి గాలి వచ్చే వైపు వేలాడదీస్తే ఎండాకాలం లోపల తేడా బాగా తెలుస్తుంది. నీళ్లు ఉంటేనే అనుకోండి, మే నెలలో ట్యాంకరు కోసం ఎదురుచూసే వీధిలో ఈ సలహా ఇవ్వడానికి నాకే సిగ్గుగా ఉంది.

ఖాళీ స్థలం ఉన్నవాళ్లు: రాతి కూసాలు, జీఐ తీగ, నెట్. లోపల కుండీలకు అరలు కావాలంటే కడప బండలో, బేతంచెర్ల బండలో ఇటుకల మీద పరిస్తే సరి, చెక్క అర కొనకండి.

అందం కోసం, కూర్చుని టీ తాగే చోటు కోసం: పాలీకార్బొనేట్ వేసుకోండి, తప్పులేదు, కానీ దాన్ని గ్రీన్‌హౌస్ అనుకోకుండా మొక్కలున్న వరండా అనుకోండి.

## కొలతలు, కొనుగోలు

10 అడుగులు, 12 అడుగులు, ఎత్తు 8 అనుకుందాం. అందరూ పైకప్పు 120 చదరపు అడుగులు చూసుకుని నెట్ కొంటారు. నాలుగు గోడలు కలిపితే 352. మొత్తం 472, ఇంకా మడతలకు, కట్టుకోవడానికి పదో వంతు కలపండి. జీఐ పైపు 20 అడుగుల పొడవు వస్తుంది. ఆరు నిలువులకు 3 పైపులు, పొడుగు అడ్డాలకు 2, పొట్టి అడ్డాలు రెండూ నడిమి దూలమూ కలిపి ఇంకో 2, మొత్తం 7. మిగిలిన ముక్కలతో తలుపు చట్రం తయారవుతుంది.

మిద్దెకు డ్రిల్లు వద్దన్నాను కదా, మరి ఎలా ఆపాలంటే, ఒక్కో నిలువు పైపును పెయింటు డబ్బాలో నిలబెట్టి కాంక్రీటు పోయండి, నాలుగు మూలలనూ తీగతో పిట్టగోడ కడ్డీలకు లాగి కట్టండి. డబ్బాలు దూలాలు, గోడలు ఉన్న చోట వచ్చేలా చూసుకోండి, స్లాబు నడిమధ్యన బరువు పెట్టకండి. కుండీలు కూడా అంతే, తడిసిన మట్టి బరువు తక్కువేం కాదు.

చివరగా వెడల్పు. షేడ్ నెట్ ఎక్కువగా 3 మీటర్ల వెడల్పులో వస్తుంది. అంగట్లో దాన్నే పది అడుగులు అంటారు, కానీ 3 మీటర్లంటే పది అడుగులకు రెండు అంగుళాలు తక్కువ. ఫ్రేము పది కాకుండా తొమ్మిదిన్నర పెట్టించండి. నేను సరిగ్గా పది పెట్టించాను, ఆ రెండు అంగుళాల కోసం ఇంకో ముక్క కొని, గోతం సూది పట్టుకుని మిద్దె మీద రెండు ఆదివారాలు కూర్చున్నాను. మామ కింద నుంచి చూస్తూ "మూత సరిపోలేదా" అని అడిగాడు.